పాత ఫ్రెంచి అచ్చు, కొత్త మసిగుడ్డ

ఫ్రాన్సులో వంటింటి గుడ్డను తోర్షోన్ అంటారు. అవిసె నారతోనో, అవిసె నారా పత్తీ కలిపిన నూలుతోనో నేసిన దిట్టమైన తెల్లగుడ్డ అది. అంచుల వెంబడి ఎర్ర చారలు. ఒక మూల ఎర్రదారంతో కుట్టిన రెండు పొడి అక్షరాలు. కొన్నిటి మీద ఆ అక్షరాల పక్కనే ఒక అంకె. మిగతా గుడ్డంతా ఖాళీ. ఈమధ్య ‘పాత ఫ్రెంచి తరహా’ అన్న పేరుతో బజారులోకి వస్తున్న తువ్వాళ్ల మీద తేనెటీగలూ కిరీటాలూ ప్యారిస్ అంగళ్ల పేర్లూ నడిమధ్యన పరుచుకుని ఉంటాయి గానీ, నిజంగా పాతవైన గుడ్డల మీద అలంకారం కోసం వేసిన బొమ్మ అరుదు. ఉన్నది గుర్తు. ఆ గుర్తు ఎందుకు వచ్చిందో తెలిస్తే, అలాంటి అచ్చును సాదా గుడ్డ మీదికి ఎక్కించే పద్ధతుల్లో ఏది పనికొస్తుందో, ఏది కంటికి మాత్రమే బాగుంటుందో తేల్చుకోవడం తేలిక.

19వ శతాబ్దపు ఫ్రెంచి పల్లెల్లో పెద్ద ఉతుకు ఏడాదికి కొన్నిసార్లే జరిగేది. అందుకే కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలో దుప్పట్లు, చేతిగుడ్డలు, మసిగుడ్డలు డజన్ల లెక్కన ఉండేవి. పెళ్లికూతురు వెంట తెచ్చుకునే సామానులో వీటిది పెద్ద వాటా. మాసిన బట్టనంతా ఒక పెద్ద తొట్టిలో పేర్చి, పైన గుడ్డ పరిచి, దానిమీద కట్టెల బూడిద పోసి, వేడినీళ్లు పోస్తూ పోయేవారు. బూడిదలోని క్షారం నీళ్లతోపాటు బట్టల్లోంచి దిగి అడుగునున్న గొట్టంలోంచి బయటికి వచ్చేది. ఆ నీళ్లనే మళ్లీ కాచి మళ్లీ పోసేవారు. తర్వాత ఏటికో, ఊరి ఉతుకు తొట్టికో మోసుకెళ్లి బాది, జాడించి, పచ్చిక మీద ఆరేసేవారు. రెండు మూడు రోజుల పని. ఇన్నిళ్ల బట్టలు ఒకచోట చేరినప్పుడు ఏ గుడ్డ ఎవరిదో చెప్పేవి ఆ మూలనున్న అక్షరాలే. అంకె పని వేరు. బీరువా దొంతరలో పైనున్న నాలుగు గుడ్డల్నే ఎప్పుడూ తీసి అరగదీయకుండా, వరసగా తిప్పి వాడటానికి అది లెక్క. ఆడపిల్లలకు చిన్నప్పుడే అక్షరమాలనూ అంకెలనూ ఎర్రదారంతో ఒక గుడ్డముక్క మీద కుట్టడం నేర్పేవారు. చదువూ, సంసారానికి పనికొచ్చే కుట్టూ ఒకే దెబ్బకు వచ్చేవి.

ఏ గుడ్డ ఎవరిదన్న ఇదే చిక్కు తెలుగుదేశంలో చాకిరేవులోనూ ఉండేది. చాకలివారు దానికి వేరే దారి పట్టారు. నల్లజీడి గింజ రసంతో బట్ట మూలన ఇంటికో గుర్తు పెట్టేవారు. నల్లబడి కుదురుకున్నాక ఆ మచ్చ బానలో ఉడికినా, బండ మీద బాదినా పోదు. అక్కడ ఇల్లాలు కుట్టింది, ఇక్కడ రేవులో పెట్టారు. రెండు గుర్తులకూ పరీక్ష ఒక్కటే: మరిగే నీళ్లు.

ఎరుపే ఎందుకన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ తొట్టిలోనే ఉంది. మరిగే క్షారానికి తట్టుకుని నిలిచే రంగులు ఆ కాలంలో చాలా తక్కువ. మంజిష్ఠ జాతి మొక్క వేరుతో, నూనె, పటిక పట్టించి అద్దే ‘ఆడ్రియానోపుల్ ఎరుపు’ వాటిలో మేటి. 1740లలో తూర్పు మధ్యధరా ప్రాంతం నుంచి రప్పించిన గ్రీకు అద్దకందార్లు ఈ విద్యను ఫ్రాన్సుకు తెచ్చారు. 1868లో గ్రేబ, లీబర్మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఆ వేరులోని రంగు పదార్థం అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. అప్పటి నుంచి పక్కా ఎర్రదారం చవకబడింది.

కుట్టుపని చేసేవాళ్లకు ఎర్రదారం అనగానే డి.ఎం.సి. లచ్చి గుర్తుకొస్తుంది. ఆ సంస్థ 1746లో ములూజ్ నగరంలో దారంతో కాదు, బట్టల అద్దకంతో మొదలైంది. ములూజ్‌లోనే మొదలవడానికి కారణం కోరమండల్ తీరంలో ఉంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం వంటి రేవుల నుంచి వెళ్లిన అద్దకం బట్టల మీద ఫ్రాన్సులో మోజు అంతకంతకూ పెరిగింది. తమ పట్టు, ఉన్ని మగ్గాలు మూలపడుతున్నాయని నేతవారు గగ్గోలు పెట్టారు. 14వ లూయీ ప్రభుత్వం 1686లో ఆ బట్టల దిగుమతినీ, వాటికి నకళ్లు అచ్చువేయడాన్నీ కూడా నిషేధించింది. ములూజ్ అప్పటికి ఫ్రాన్సులో భాగం కాదు, స్విస్ వాళ్లతో పొత్తున్న స్వతంత్ర నగరం. నిషేధం దానికి అంటలేదు. ఫ్రాన్సులో అది 1759 దాకా సాగింది. మచిలీపట్నంలో ఫ్రెంచివారికి 1669 నుంచి వర్తకశాల ఉండేది, 1750 నుంచి ఊరే వాళ్ల చేతిలో ఉంది. అద్దకం బట్టలకు స్వదేశంలో తలుపు తెరుచుకున్న 1759లోనే ఆ ఊరు ఇంగ్లీషువాళ్ల పాలైంది.

బట్ట కన్నా అది తయారయ్యే కిటుకు ఫ్రాన్సుకు ఎక్కువ విలువైనదైంది. తెలుగు తెలిసిన జెసూట్ ఫాదరీ గాస్తోన్ కేర్దూ 1742లో కోరమండల్ తీరం నుంచి రాసిన ఉత్తరంలో ఇక్కడి అద్దకందార్ల పని మెట్టుమెట్టుగా వివరించాడు. కరక్కాయ రసం, గేదెపాలు కలిపి గుడ్డకు పట్టించడం, పటికతో ఎరుపు తేవడం, చిరువేరు వాడకం అన్నీ అందులో ఉన్నాయి. కాగితం మీద గీసిన బొమ్మ గీతల వెంట సూదితో సన్నటి బెజ్జాలు పొడిచి, దాన్ని గుడ్డ మీద పరిచి, బొగ్గుపొడి మూటతో అద్దితే గుడ్డ మీద చుక్కల గీతగా బొమ్మ దిగుతుందని కూడా రాశాడు. ఈ ఉపాయం యూరపు చిత్రకారులకు కొత్త కాదు. కానీ గుడ్డ మీదికి బొమ్మ ఎక్కించే పద్ధతుల్లో ఇంత పాతదీ, ఇప్పటికీ ఇంత పనికొచ్చేదీ అరుదు.

నిషేధం తీరిన మరుసటి ఏడాది, 1760లో, ఓబెర్కాంఫ్ అనే అద్దకందారు వెర్సాయ్ దగ్గరున్న జూయి గ్రామంలో కార్ఖానా పెట్టాడు. మొదట చెక్క అచ్చులు, 1770 నుంచి రాగిరేకులు, 1797 నుంచి రాగి రూళ్లు వాడారు. రాగిరేకు మీద సూదిమొనంత సన్నటి గీత కూడా చెక్కవచ్చు. అందుకే తెల్లగుడ్డ మీద ఒకే రంగులో, ఎరుపో నీలమో, గొర్రెలకాపర్లు, పడవలు, కోటగోడలు, చెట్లు నిండిన దృశ్యాలు సాధ్యమయ్యాయి. కార్ఖానా 1843లో మూతపడినా జూయి బట్ట అన్న పేరు మాత్రం నిలిచింది. అవి తెరలకూ పరుపు గలీబులకూ పుట్టిన అచ్చులు, మసిగుడ్డకు కాదు. ఇప్పుడు వంటింటి గుడ్డల మీద కనిపించే గొర్రెలకాపరి పిల్ల పడకగది నుంచి వలస వచ్చిందన్నమాట.

మిగతా అచ్చులు ఇంకో మూడు నాలుగు చోట్ల నుంచి వస్తున్నాయి. వాటిలో చూడముచ్చటైనవి అంగళ్ల బిల్లులు. 19వ శతాబ్దంలో ప్యారిస్ వర్తకులు బిల్లు కాగితం పైభాగాన రాగిరేకు మీదో రాతి మీదో గీయించిన శీర్షిక అచ్చు వేయించేవారు. అంగడి పేరు నాలుగైదు రకాల అక్షరాల్లో, చుట్టూ తీగలు, ప్రదర్శనల్లో గెలిచిన పతకాలు, వీధి పేరు, ఇంటి నంబరు. తర్వాతివి ధాన్యపు గోతాలు. వాటి మీద రైతు పేరో మిల్లు పేరో ఊరి పేరో రేకు అక్షరాల మూసతో నల్లరంగు దట్టించి వేసేవారు. మార్సెయ్ సబ్బు దిమ్మల మీద లోతుగా పడే ‘72 శాతం’ ముద్ర మరొకటి. పూల బొమ్మలంటే చిత్రకారుడు రెదూతేవే. ఆయన ‘గులాబీలు’ సంపుటాలు 1817 నుంచి 1824 వరకు వెలువడ్డాయి.

తేనెటీగ సంగతి కాస్త చెప్పుకోవాలి. 1653లో తూర్నే పట్టణంలో బయటపడిన షిల్డెరిక్ రాజు సమాధిలో బంగారు తేనెటీగలు దొరికాయి. 1804లో చక్రవర్తి అయిన నెపోలియన్, బూర్బన్ రాజుల లిల్లీపువ్వును పక్కకు నెట్టడానికి వాళ్ల వంశం కన్నా పాతదైన ఈ గుర్తును ఎంచుకున్నాడు. ఒకే తువ్వాలు మీద లిల్లీపువ్వునూ తేనెటీగనూ పక్కపక్కన వేసి అమ్మేవాళ్లకు ఈ వైరం పట్టినట్టు లేదు.

బొమ్మ ఎంచుకునేటప్పుడు అందం కన్నా ముందు చూడాల్సింది గీత మందం. సెంటీమీటరుకు 16 పోగులున్న గుడ్డలో ఒక పోగు నడిమి నుంచి పక్క పోగు నడిమికి దూరం సుమారు 0.6 మిల్లీమీటర్లు. పాత చెక్కుడు బొమ్మల్లో నీడ కోసం గీసే అడ్డగీతలు అంతకన్నా చాలా సన్నం. అవి పోగుల మధ్య సందుల్లో పడి తెగిపోతాయి, లేదా రంగు పాకి ఒకదాన్నొకటి కలిసి మురికి మచ్చ అవుతాయి. ఫ్రెంచి బిల్లుల మీద ఎక్కువగా కనిపించే దిదో అక్షరాల్లో నిలువు గీత లావు, అడ్డగీత వెంట్రుకంత. కాగితం మీద అదే దాని సొగసు. ముతక గుడ్డ మీద అడ్డగీతలు మాయమై నిలువు కట్టెలే మిగులుతాయి. కాబట్టి అలాంటి అచ్చును రెండింతలు పెద్దది చేయాలి, లేదా సన్నగీతలను చేత్తో దిద్ది లావు చేయాలి, లేదంటే గోతాల మీది మొద్దు అక్షరాలకే సరిపెట్టుకోవాలి. మూడోది తెలివైన పని. ఆ అక్షరాలు ముతక గుడ్డ కోసమే పుట్టినవి. కంప్యూటరు నుంచి తీసే బొమ్మైతే అంగుళానికి 300 చుక్కల చొప్పున ఉండాలి. అంటే నాలుగంగుళాల వెడల్పు బొమ్మకు 1,200 చుక్కలు.

హక్కుల సంగతి క్లుప్తంగా. కాపీరైటు ఫ్రాన్సులో చిత్రకారుడు పోయిన 70 ఏళ్ల దాకా, భారతదేశంలో 60 ఏళ్ల దాకా ఉంటుంది. రెదూతే 1840లోనే పోయాడు, ఆయన గులాబీలతో పేచీ లేదు. ప్యారిస్ నగర మ్యూజియాలు 2020 జనవరిలో లక్షకు పైగా కళాఖండాల బొమ్మలను ఎవరైనా వాడుకోవచ్చని విడుదల చేశాయి. జాగ్రత్త పడాల్సింది ఇప్పటికీ నడుస్తున్న అత్తరు, సబ్బు, ద్రాక్షసారా కంపెనీల లేబుళ్ల దగ్గర. లేబులు వందేళ్ల నాటిదైనా ట్రేడ్‌మార్కు బతికే ఉంటుంది. ఇంట్లో తుడుచుకునే గుడ్డకు ఎవరూ అడగరు, అమ్మకానికి పెడితే అడుగుతారు.

ఇక గుడ్డ. నున్నగా, సమంగా, దగ్గరగా నేసిన పత్తి గుడ్డ గానీ లినెన్ గానీ కావాలి. గళ్లుగళ్లుగా లేచి ఉండే తేనెపట్టు నేత, పోగులు తేలిన టర్కీ తువ్వాలు నీటిని బాగా పీలుస్తాయి గానీ అచ్చుకు పనికిరావు. మిల్లు నుంచి వచ్చిన కొత్త గుడ్డకు గంజో మెరుగుపూతో ఉంటుంది. రంగు దానిమీద కూర్చుని, మొదటి ఉతుకులో దానితోపాటే పోతుంది. వేడినీళ్లలో సబ్బుతో ఉతికి, మెత్తదనం కోసం వాడే ద్రవాలేవీ కలపకుండా ఆరవేయాలి. తర్వాత ఒక నీటి చుక్క వేసి చూడాలి. చుక్క గుండ్రంగా పైన నిలిస్తే పూత ఇంకా ఉన్నట్టు, మళ్లీ ఉతకాలి. పడగానే పాకి ఇంకిపోతే గుడ్డ సిద్ధం. ఈ ఉతుకుతో గుడ్డ కుదించుకోవాల్సినదాంట్లో చాలావరకు ముందే కుదించుకుంటుంది. ఉతక్కుండా అచ్చువేస్తే గుడ్డ ముడుచుకుని, ముడుచుకోని రంగు పొర బుడిపెలు కడుతుంది.

పద్ధతుల్లో మొదట చెప్పాల్సింది బెజ్జాల కాగితమే. మగ్గం వర్క్ చేసే చోట ఇది రోజూ జరిగే పని. ట్రేసింగ్ కాగితం మీద డిజైను గీసి, గీతల వెంట సూదితో దగ్గరదగ్గరగా పొడుస్తారు. ముదురు రంగు గుడ్డకైతే జింకు పొడి, లేత రంగుకైతే నీలిపొడి కిరోసిన్‌లో కలిపి, గుడ్డపేలిక ముంచి కాగితం మీద రుద్దుతారు. వంటింటి గుడ్డకు కిరోసిన్ వాసన ఎందుకనుకుంటే కేర్దూ చెప్పిన బొగ్గుపొడి మూట ఉంది. పలచటి మల్లుగుడ్డలో మెత్తటి బొగ్గుపొడి మూటగట్టి, బెజ్జాల మీద తట్టాలి, రుద్దకూడదు. కాగితాన్ని పక్కకు జరపకుండా నిలువుగా పైకెత్తాలి. గుడ్డ మీద చుక్కల గీత కనబడుతుంది. ఊదితే పోయేంత బలహీనం కాబట్టి వెంటనే ఉతికితే పోయే పెన్నుతో చుక్కలు కలపాలి. ఒక కాగితం పొడిస్తే డజన్ల గుడ్డలకు వస్తుంది. బెజ్జాలకు రెండు వైపులూ ఒకటే కాబట్టి తిరగేసి పరిస్తే అదే బొమ్మ అద్దంలో చూసినట్టు పడుతుంది. ఎదురెదురు మూలలకు జోడు తీగలు వేయాలంటే ఇంతకన్నా సుళువు లేదు.

గుడ్డ పలచనైతే ఇదీ అక్కర్లేదు. పగటిపూట కిటికీ అద్దానికి బొమ్మ అంటించి, పైన గుడ్డ పెట్టి గీసుకోవచ్చు. దర్జీలు వాడే కార్బన్ కాగితం కూడా పనిచేస్తుంది. టైపు కార్బన్ మాత్రం వాడకూడదు, ఆ జిడ్డు మరక వదలదు.

గీత దిగాక దానిమీద ఎర్రదారంతో కాడకుట్టు వేస్తే అది అన్ని పద్ధతుల్లోకీ మన్నికైనది. పాత తోర్షోన్ మీదున్నది ఇంటూ కుట్టు. దానికి గీత కూడా అక్కర్లేదు, పోగులు లెక్కపెట్టుకుంటూ పోవడమే. దారం గుడ్డలో భాగమవుతుంది, తడి పీల్చుకోవడానికి అడ్డురాదు, ఉడికించినా ఏమీ కాదు. రంగు వదులుతుందేమోనని అనుమానముంటే ముందే ఒక పోగును తడి తెల్లగుడ్డలో చుట్టి ఇస్త్రీ చేసి చూస్తే తెలిసిపోతుంది. తీరిక లేనివాళ్లకు ఇది కుదరదు, నిజమే. కానీ పొడి అక్షరాలు రెండే కదా.

మూస పద్ధతి గోతాలది. అప్పట్లో జింకు, ఇత్తడి రేకులు కోసేవారు. ఇప్పుడు దిట్టమైన ప్లాస్టిక్ షీటు గానీ, పాత ఎక్స్‌రే ఫిల్ము గానీ చాలు. రోమన్ అక్షరాల్లో ‘ఓ’, ‘ఏ’, ‘ఆర్’ వంటివాటిని కోసేటప్పుడు లోపలి ముక్క ఊడి పడిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి సన్నటి వంతెనలు వదలాలి. గోతాల మీది అక్షరాలు అక్కడక్కడా తెగినట్టుండేది ఈ వంతెనల వల్లే. ఇప్పుడు కంప్యూటరులో పనిగట్టుకుని తెచ్చుకునే ఆ పాతదనం అప్పుడు కత్తిరింపు అవసరం. బట్టల రంగును బ్రష్షుకో స్పాంజికో పట్టించి, కాగితం మీద అద్ది దాదాపు పొడిగా అయ్యాక, మూస అంచు నుంచి లోపలికి తట్టుతూ వేయాలి. రంగు తడిగా ఉంటే మూస కిందికి పాకుతుంది. ఈ పనిలో జరిగే నష్టాల్లో ఎక్కువ దీనివల్లే. ఆరిన మర్నాడు వెనకవైపు నుంచి పొడి ఇస్త్రీతో మూడు నాలుగు నిమిషాలు వేడి పట్టిస్తే రంగులోని జిగురు పోగులకు పట్టుకుంటుంది. సంఖ్య పెద్దదైతే ఇదే పని స్క్రీన్ ప్రింటింగు వాళ్లు జాలీ ఫ్రేములతో వేగంగా చేస్తారు.

చెక్క అచ్చు కావాలంటే పెడన ఉంది. కృష్ణా జిల్లాలోని ఆ ఊళ్లో టేకు చెక్క మీద అచ్చులు చెక్కేవాళ్లూ, వాటితో కలంకారీ అద్దేవాళ్లూ ఉన్నారు. అక్కడి సంప్రదాయ అద్దకంలో గుడ్డను కరక్కాయ నీళ్లలో తడిపి, తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లతో నల్లగీతలు అచ్చువేసి, పటికతో ఎరుపు చోట్లు అద్ది, తర్వాత రంగువేరుతో ఉడికిస్తారు. పటిక ఉన్నచోట ఎరుపు, ఇనుము ఉన్నచోట నలుపు తేలుతుంది. జూయి కార్ఖానాలోని ఎరుపు నలుపుల కిటుకూ ఇదే. ఫ్రెంచి తేనెటీగను పెడన అచ్చుతో వేస్తే అదేదో కలగాపులగమని అనుకోనక్కర్లేదు, అద్దకం విద్య వెళ్లిన దారినే తిరిగి వచ్చినట్టు.

ఇక కాగితం మీది అచ్చును ఉన్నదున్నట్టు గుడ్డ మీదికి దించే పద్ధతులు. ఇక్కడ రాత ఉన్న బొమ్మను ముందే అద్దం తిప్పుడుగా తీసుకోవాలి. ఫ్రెంచి రాని ఇంట్లో తిరగబడ్డ ఫ్రెంచి పేరును ఎవరూ గమనించకపోవచ్చు గానీ, గమనించే చుట్టం ఏదో ఒకరోజు వస్తాడు.

వీటిలో చవకైనది జిరాక్స్ పద్ధతి. జిరాక్స్ యంత్రంలో, లేజర్ ప్రింటరులో ఉండేది సిరా కాదు, టోనర్ అనే ప్లాస్టిక్ పొడి. యంత్రం దాన్ని వేడితో కరిగించి కాగితానికి అంటిస్తుంది. అసిటోన్ గానీ, నారింజ తొక్క నూనె, లావెండర్ నూనె గానీ తగిలితే ఆ ప్లాస్టిక్ మళ్లీ మెత్తబడి పక్కనున్న గుడ్డకు అంటుకుంటుంది. ఇంక్‌జెట్ ప్రింటరు బొమ్మ దీనికి పనికిరాదు, అందులో ప్లాస్టిక్ లేదు. గట్టి బల్ల మీద గుడ్డ పరిచి, జిరాక్స్ కాగితాన్ని బోర్లా పెట్టి, కదలకుండా టేపు వేయాలి. దూదికి ద్రవం పట్టించి రూపాయి బిళ్లంత చోటు మాత్రమే తడపాలి. కాగితం తడిసి, వెనకనుంచి బొమ్మ నీడలా కనబడగానే చెంచా వీపుతో గట్టిగా రుద్దాలి. ఆ చోటు పూర్తయ్యాకే పక్క చోటు. ఒకేసారి కాగితమంతా తడిపితే టోనర్ ఈదులాడి అక్షరాలు అలుక్కుపోతాయి. టేపు తీయకుండా ఒక మూల ఎత్తి చూసి, లేతగా ఉన్నచోట మళ్లీ రుద్దాలి. అచ్చు కొంచెం అరిగినట్టు, అక్కడక్కడా గుడ్డ నేత కనబడేట్టు పడుతుంది. పాత బిల్లు బొమ్మకు సరిగ్గా కావలసింది అదే. అసిటోన్ త్వరగా ఆవిరై నిప్పును దూరం నుంచే అందుకుంటుంది. ఈ పని వంటింటి గుడ్డ కోసమే అయినా వంటింట్లో, పొయ్యి దగ్గర చేయకూడదు. కిటికీలు తెరిచిన గదిలోనో వరండాలోనో చేసి, గుడ్డ పూర్తిగా ఆరి వాసన పోయాకే ఇస్త్రీ పెట్టాలి. ఇలా దించిన అచ్చు ఉతికేకొద్దీ లేతబడుతుంది. పక్కా రంగని చెప్పి అమ్మడం మోసం.

ఎక్కువమంది మొగ్గేది ఇస్త్రీతో అంటించే ట్రాన్స్‌ఫర్ కాగితానికి. ఇంక్‌జెట్ ప్రింటరులో బొమ్మ తీసి, గుడ్డ మీద పెట్టి వేడిచేస్తే కాగితం మీది ప్లాస్టిక్ పొర బొమ్మతో సహా గుడ్డకు అంటుకుంటుంది. లేతరంగు గుడ్డల కాగితానికి బొమ్మ తిప్పి వేయాలి, ముదురు గుడ్డలదానికి తిప్పక్కర్లేదు. ఆవిరి ఆపేసి, మెత్తటి ఇస్త్రీబల్ల మీద కాకుండా గట్టి బల్ల మీద, బలమంతా పెట్టి నొక్కాలి. చేసిన రోజున దీన్ని మించినది లేదనిపిస్తుంది, ప్రతి గీతా స్పష్టం. చిక్కు తర్వాత మొదలవుతుంది. ఆ పొర నీటిని పీల్చదు. తువ్వాలు నడిమధ్యన జానెడు బొమ్మ ఉంటే పళ్లెం తుడిచినప్పుడు నీళ్లు అటూ ఇటూ జారతాయే గానీ ఇంకవు. వేడి గిన్నె పట్టుకుంటే పొర మెత్తబడి గిన్నెకు అంటుకునే ప్రమాదముంది. పదేపదే వేడినీళ్లలో ఉతికితే అంచుల నుంచి చిట్లుతుంది. గోడకు తగిలించే గుడ్డకు, బుట్ట మీద కప్పే గుడ్డకు ఇది బాగానే ఉంటుంది. తుడిచే గుడ్డకు కాదు. తప్పదనుకుంటే బొమ్మ అంచు వెంబడే కత్తిరించి, చుట్టూ ఖాళీ పొర మిగలకుండా, ఒక మూలకు పరిమితం చేయాలి.

కప్పుల మీద, టీషర్టుల మీద ఫొటోలు వేసే దుకాణాల్లోని సబ్లిమేషన్ అచ్చు పత్తికి పట్టదు. ఆ రంగులు సుమారు 190, 200 డిగ్రీల వేడిలో ఆవిరై పాలిస్టర్‌లోకి దూరతాయి. పత్తిలో, నారలో నిలవవు. పాలిస్టర్ గుడ్డ తీసుకుంటే అచ్చు అద్భుతంగా వస్తుంది, తుడుపు రాదు. ఎ4 కాగితం కొలతకు కోసిన గుడ్డను స్టిక్కరు షీటుకు అంటించి నేరుగా ఇంక్‌జెట్ ప్రింటరులో పెట్టేవాళ్లూ ఉన్నారు. మామూలు డై సిరా మొదటి ఉతుకులోనే పోతుంది, పిగ్మెంట్ సిరా కొంత మేలు.

ఏ పద్ధతైనా అచ్చు ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు పాత తోర్షోన్ జవాబు మారలేదు: మూలన, లేదా కింది అంచు నుంచి నాలుగు వేళ్ల పైన. మధ్యభాగం తుడవడానికి వదలాలి. మడిచి కడ్డీకి వేలాడదీసినప్పుడు కనబడేది ఆ మూలే కాబట్టి అందానికీ లోటు లేదు. రంగు వేసిన, టోనర్ దించిన గుడ్డలను పాలు వడకట్టడానికి, తడి పిండి కప్పడానికి, వేడి రొట్టెలు చుట్టడానికి వాడకపోవడం మంచిది. ఎర్రదారం కుట్టినదైతే, రంగు వదలనిదని తేలాక, దేనికైనా సరే.

రంగు వేసిన గుడ్డను కనీసం మూడు రోజులు ఆగి ఉతకాలి. తిరగేసి, చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్లలో, బ్లీచింగ్ లేకుండా. బ్లీచింగ్ రంగుతో ఆగదు, పత్తినీ నారనూ కూడా తినేస్తుంది. పసుపు మరకకు దాని అవసరమే లేదు. సబ్బు పెట్టి ఎండలో పరిస్తే వెలిసిపోతుంది, అప్పుడు అచ్చున్న మూలను మాత్రం మడిచి లోపలికి పెట్టాలి. ఇస్త్రీ ఎప్పుడూ వెనకవైపు నుంచి. ట్రాన్స్‌ఫర్ కాగితం పొర ఉన్నదైతే మధ్యలో ఒక తెల్లకాగితం వేసి.